వాట్సాప్ గ్రూపా, గిస్టా, రిపోనా: కోడ్ ముక్కలు ఎక్కడ పెడితే మళ్లీ దొరుకుతాయి?

పోయిన యాసంగిలో, వడ్ల కొనుగోళ్లు జోరు మీదున్న రోజుల్లో, మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి ఫోను వచ్చింది. మేము రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి రైతుల జాబితాను సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన మామూలు టెక్స్ట్) ఫైలుగా తీసి ఎక్సెల్‌లో తెరిస్తే, తెలుగు పేర్లు ఉండాల్సిన చోట కొమ్ములూ తోకలూ తగిలించుకున్న లాటిన్ అక్షరాలు బారులు తీరాయట. "సార్, రైతుల పేర్లన్నీ చెడిపోయాయి" అని గుమస్తా కంగారు. పేర్లు చెడిపోలేదని నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఇదే తిప్పలు పడ్డాం. మహబూబ్‌నగర్ నుంచి పనిచేసే మా జట్టు కుర్రాడు ఒక్క మాట మార్చి సరిచేసి, ఆ లైనును వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరం బొటనవేలి గుర్తు పెట్టాం, మరిచిపోయాం.

ఫోను వచ్చినప్పుడు నేను హైదరాబాద్ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో ఉన్నాను. చౌటుప్పల్‌లో గ్రూపు తెరిచి వెనక్కి జరపడం మొదలుపెడితే నార్కట్‌పల్లి దాటినా ఆ లైను కనబడలేదు. పుట్టినరోజు కేకులు, "లింకు పని చేస్తోందా?" అన్న ప్రశ్నలు, ఎవరి బండి ఎవరు తీసుకెళ్లారన్న వాదనలు అన్నీ కనబడ్డాయి. చివరికి ఆ కుర్రాడికే ఫోను చేశాను. "అన్నా, పైథాన్‌లో ఫైలు రాసేచోట యూటీఎఫ్-8 అని ఉంది కదా, దాన్ని యూటీఎఫ్-8-సిగ్ చేయండి, అంతే" అన్నాడు. యూటీఎఫ్-8 అంటే యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. దానికి సిగ్ తగిలిస్తే ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు ఒకటి చేరుతుంది. ఇది యూనికోడ్ ఫైలని ఎక్సెల్ ఆ గుర్తు చూసి పోల్చుకుంటుంది. అది లేకపోతే విండోస్‌లోని పాత అక్షరాల పట్టిక పెట్టుకుని చదివి, ఒక్కో తెలుగు అక్షరాన్నీ మూడు ముక్కలు చేస్తుంది.

పది సెకన్ల జవాబు. అది మా దగ్గరే ఉంది, దొరకలేదు.

ఆ సాయంత్రం నుంచి కోడ్ ముక్కల్నీ సాంకేతిక గమనికల్నీ ఎక్కడ ఉంచాలన్న లెక్క మొదలుపెట్టాను. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరుచుకున్నాక మాలాంటి నలుగురైదుగురి జట్లు ఇక్కడ కనబడుతున్నాయి. ఒకరు మిర్యాలగూడలో, ఒకరు గద్వాలలో, మరొకరు రోజూ రైల్లో కాచిగూడకు వెళ్లి వస్తూ పనిచేసే జట్లు ఇవి. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులోనే బతుకుతున్నాయి. అందుకే ఈ పోలిక.

## ముందు కొలతలు

ఏ చోటునైనా నేను అయిదు ప్రశ్నలు అడుగుతాను. వాటిలో మొదటి రెండూ మిగతా మూడింటికన్నా బరువైనవి.

అతికించగానే నడుస్తుందా? ఇది చిన్న విషయంగా కనబడుతుంది. కానీ చాట్‌లోనో డాక్యుమెంట్‌లోనో పెట్టిన కోడ్ దారిలో మారిపోతుంది. నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులు (") వంపు తిరిగినవిగా (“ ”) మారతాయి. ఐఫోన్ కీబోర్డు ఆ పని చేస్తుంది, గూగుల్ డాక్స్ కూడా చేస్తుంది. కంటికి తేడా తెలియదు, కంపైలర్‌కు తెలుస్తుంది. వాట్సాప్‌లో ఒక మాటకు రెండు వైపులా * గుర్తు పడితే ఆ గుర్తులు మాయమై మాట లావెక్కుతుంది, _ గుర్తు పడితే వాలిపోతుంది. ఫోను కీబోర్డు లైను మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దక్షరం చేస్తుంది. పైథాన్‌లో ఖాళీల లెక్క తప్పితే ప్రోగ్రామే లేదు.

ఆరు నెలల తర్వాత దొరుకుతుందా? మనం వెతికేది రాసిన రోజు గుర్తున్న మాటలతో కాదు, సమస్య వచ్చిన రోజు తెరమీద కనబడిన మాటలతో. మా కుర్రాడు గ్రూపులో పెట్టింది కోడ్ లైను ఒక్కటే. అందులో "ఎక్సెల్" అన్న మాట లేదు, "పేర్లు చెడిపోయాయి" అన్న మాట అంతకన్నా లేదు. నేను ఆ మాటలతో ఎన్నిసార్లు వెతికినా ఏం లాభం? తెలుగులో రాసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. "సర్వర్‌లో" అన్న మాట మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా, మరొకరు ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తే వెతుకులాటకు అవి మూడు వేర్వేరు మాటలు. అందుకే నేను గమనిక తెలుగులో రాసినా, ఎర్రర్ సందేశాన్ని మాత్రం తెరమీద ఎలా వచ్చిందో అలాగే, అక్షరం మార్చకుండా అతికిస్తాను.

తప్పు తేలితే దిద్దగలమా? కోడ్ పాతబడుతుంది. లైబ్రరీ కొత్త రూపం వస్తే నిన్నటి మందు నేడు పనిచేయదు. దిద్దినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ కనబడాలి.

ఎవరు చూడగలరు? పాస్‌వర్డులు, కీలు (బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు), రైతుల ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు. దీని గురించి కింద వివరంగా రాశాను.

ఆ కంపెనీ మూతపడితే మన ప్రతి మన దగ్గర ఉందా? ఇది భయపెట్టడానికి అడగడం లేదు. 2014 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ ఆదేశంతో మన దేశంలో 32 వెబ్ చిరునామాలను అడ్డుకున్నారు. వాటిలో కోడ్ అతికించి లింకు పంచుకునే పేస్ట్‌బిన్, గిస్ట్ రెండూ ఉన్నాయి. తర్వాత దారి వదిలారు కానీ, ఆ రోజుల్లో నోట్సు మొత్తం అక్కడే పెట్టుకున్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ప్రాజెక్టుల కోడ్ దాచుకునే గూగుల్ కోడ్ 2016లో పూర్తిగా మూతపడింది. పెద్ద పేరు చూసి నమ్మకం పెట్టుకోకూడదనడానికి అంతకన్నా ఏం కావాలి?

ముందుగా పట్టిక. ఇందులో రిపో అంటే ఫైళ్లనూ వాటిలో జరిగిన ప్రతి మార్పునూ గిట్ అనే సాధనంతో దాచుకునే చోటు, క్లోన్ అంటే దాని పూర్తి ప్రతిని మన కంప్యూటర్లోకి దింపుకోవడం. ఓపిక లేనివారు ఇది చూసుకుని మీకు పనికొచ్చే భాగానికి వెళ్లవచ్చు.

| చోటు | కోడ్ చెక్కుచెదరదా | తర్వాత దొరుకుతుందా | దిద్దుబాటు | మన దగ్గర ప్రతి |
|---|---|---|---|---|
| వాట్సాప్ గ్రూపు | జాగ్రత్త పడితేనే | కష్టం | 15 నిమిషాల లోపు | పేరుకే |
| టెలిగ్రామ్ | బాగానే | పరవాలేదు | వీలుంది | ఎగుమతి చేసుకుంటే |
| గూగుల్ డాక్స్ | చెదురుతుంది | బాగా | చరిత్రతో సహా | దింపుకుంటే |
| గిస్ట్ | చెదరదు | శీర్షిక బాగుంటే | చరిత్రతో సహా | క్లోన్ చేసుకుంటే |
| సొంత రిపో | చెదరదు | చాలా బాగా | చరిత్రతో సహా | ఎప్పుడూ |

## వాట్సాప్: అడగడానికి సరే

వాట్సాప్‌ను తిట్టడం తేలిక, వదలడం కష్టం. మిల్లు గుమస్తా అందులోనే ఉన్నాడు, కాలేజీ నుంచి వచ్చిన ఇంటర్న్ అందులోనే ఉన్నాడు, సిగ్నల్ ఒక్క గీత ఉన్నా సందేశం వెళుతుంది. రాత్రి పదింటికి "ఇది ఎవరికైనా వచ్చిందా?" అని అడిగితే జవాబు వచ్చే చోటు అదొక్కటే.

అందులోనే కోడ్ పెట్టక తప్పనప్పుడు ముందూ వెనకా మూడేసి ``` గుర్తులు పెట్టండి. మధ్యలోని * గుర్తులు, _ గుర్తులు బతుకుతాయి. అయినా రెండు లోపాలు మిగులుతాయి. పంపాక 15 నిమిషాలు దాటితే సందేశాన్ని దిద్దలేం. తప్పు కోడ్ పైన అలాగే ఉంటుంది, "సారీ, రెండో లైను మార్చండి" అన్న సవరణ ఎక్కడో కింద ఉంటుంది. మధ్యలో నలభై సందేశాలు. రెండో లోపం ఇంకా చికాకు పెడుతుంది. ఫోనులో నాలుగు సందేశాలు ఎంచి కాపీ చేస్తే ప్రతి దాని ముందూ తేదీ, సమయం, పంపినవారి పేరు చేరతాయి. వాటిని ఒక్కొక్కటిగా చెరిపి కోడ్ అతికించిన రాత్రులు నాకు గుర్తున్నాయి.

కొత్తగా చేరినవారి సంగతి కూడా చూడండి. జూన్‌లో వచ్చిన కుర్రాడికి మార్చి నాటి సంభాషణ అంతా కనబడదు. అందరూ అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతాడు, అందరూ విసుక్కుంటారు. అందులో అతని తప్పేముంది?

## టెలిగ్రామ్: సగం దూరం

సంభాషణలు సర్వర్ మీదే ఉంటాయి కాబట్టి ఫోను మారినా పోవు. గ్రూపు పెట్టినవారు అనుమతిస్తే కొత్తవారికి పాతవన్నీ కనబడతాయి. కోడ్‌ను భాషను బట్టి రంగుల్లో చూపిస్తుంది. నా పర్సనల్ నోట్సు కొన్నాళ్లు "సేవ్డ్ మెసేజెస్"లోనే ఉండేవి. కానీ అక్కడి మామూలు సంభాషణలకు వాట్సాప్‌కు ఉన్నట్టు రెండు చివర్ల మధ్య ఎన్‌క్రిప్షన్ (పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం) ఉండదు. సీక్రెట్ చాట్‌కే ఉంటుంది. పైగా ఎంత బాగున్నా అది చాటే. కాలక్రమంలో సాగే ప్రవాహంలో విషయాలవారీ అరలు పెట్టుకున్నా నిలవవు.

## గూగుల్ డాక్స్: కోడ్ తక్కువ, మెట్లు ఎక్కువ ఉన్నప్పుడు

సర్వర్ ఎలా సిద్ధం చేయాలి, మిల్లులో కాటా యంత్రాన్ని కంప్యూటర్‌కు ఎలా కలపాలి, ఏ తెర వస్తే ఏ బటన్ నొక్కాలి అన్నవాటికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. బొమ్మలు పెట్టవచ్చు, ప్రోగ్రామర్ కానివారు కూడా చదువుతారు, పక్కన అనుమానం రాసిపెడతారు. కోడ్ మాత్రం పెట్టకండి, కొటేషన్ గుర్తుల సంగతి పైన చెప్పాను.

ఇందులో ఒక గుంట ఉంది, మేము పడ్డాం. మాతో ఆరు నెలలు పనిచేసిన ఒక కుర్రాడు మంచి డాక్యుమెంట్ రాశాడు, తన సొంత ఖాతాలో. ఉద్యోగం దొరికి వెళ్లాక పాత ఖాతాలను శుభ్రం చేసుకుంటూ దాన్నీ తీసేశాడు. మా దగ్గర లింకు మిగిలింది. డాక్యుమెంట్ ఎవరి ఖాతాలో ఉందో ముందే చూసుకోవాలి.

నోషన్ అనే నోట్సు యాప్‌ను కూడా ఇదే వరుసలో పెడతాను. కోడ్‌ను చెదరనివ్వదు, చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ అందం తీర్చిదిద్దుకుంటూ గమనిక రాయడం మరిచిపోయే గుణం నాలో ఉందని తెలిసి మానేశాను.

## గిస్ట్: ఒక్క ముక్క, ఒక్క లింకు

గిట్ రిపోలు దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2008లో తెచ్చిన గిస్ట్ పేరుకు కోడ్ అతికించే చోటే. లోపల మాత్రం ప్రతి గిస్టూ ఒక చిన్న గిట్ రిపో. మార్చిన ప్రతిసారీ పాత రూపం నిలిచి ఉంటుంది, ఇతరులు తమ ప్రతి తీసుకుని మార్చుకోవచ్చు, కింద వ్యాఖ్య రాయవచ్చు. కోడ్ ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. చాట్‌లో కోడ్ బదులు గిస్ట్ లింకు పెడితే సగం గొడవ తీరుతుంది. తర్వాత దిద్దినా లింకు అదే కాబట్టి తప్పు రూపం తిరుగుతూ ఉండదు.

అరలు ఉండవన్నది దీని లోటు. ముప్పై దాటాక వర్ణన లైను ఒక్కటే దిక్కు. ఆ లైను ఖాళీగా వదిలినవారు తమ గిస్ట్‌లను తామే వెతుక్కోలేరు.

అంతకన్నా ముఖ్యమైంది "సీక్రెట్" అన్న మాట. సీక్రెట్ గిస్ట్ అంటే తాళం వేసిన గది అనుకోకండి, బోర్డు లేని గది అనుకోండి. వెతికితే కనబడదు, లింకు చేతికొచ్చిన ప్రతివారికీ తెరుచుకుంటుంది. మావాడు ఒకడు ఎస్సెమ్మెస్ పంపే కోడ్‌ను అలా పెట్టాడు. అందులో సర్వీసు కీ కూడా ఉంది. స్నేహితుడికి పంపిన లింకు రెండు రోజుల్లో ఒక కాలేజీ గ్రూపులో తేలింది. మేము పరుగెత్తి కీ మార్చాం. గిస్ట్ నుంచి ఆ లైను చెరిపేస్తే చాలనుకున్నాడు పాపం. చరిత్రలో పాత రూపం అలాగే ఉంటుంది. బయటపడిన కీని మార్చడం ఒక్కటే మందు.

మన ప్రాంతపు పనుల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నమూనా డేటా అని నిజమైన రైతుల పేర్లు, ఆధార్ నంబర్లు అతికించేవారు ఉన్నారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, నమ్మి నంబరు ఇచ్చిన మనిషిది అది. నమూనాకు రాములు, సోములు, 10 క్వింటాళ్లు అని రాసుకుంటే కోడ్‌కు వచ్చిన నష్టం ఏమీ లేదు.

## సొంత రిపో: జట్టుకు నా ఓటు

గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో ఒక ప్రైవేటు రిపో, అందులో మార్క్‌డౌన్ ఫైళ్లు. మేము చేరుకున్న చోటు ఇది. గిట్‌హబ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రిపోలో ఎంతమందినైనా ఉచితంగా చేర్చుకోవచ్చు కాబట్టి చిన్న జట్టుకు ఖర్చు లేదు. ప్రతివారి కంప్యూటర్లోనూ పూర్తి ప్రతి ఉంటుంది. నెట్ పోయినా, కాచిగూడ రైల్లో సిగ్నల్ పోయినా వెతకవచ్చు. ఎడిటర్‌లో ఒక్క మీట నొక్కితే వందల ఫైళ్లలో ఎర్రర్ సందేశం ఎక్కడుందో తేలుతుంది. మార్క్‌డౌన్ మామూలు టెక్స్ట్ కాబట్టి ఏ కంపెనీ మూతపడినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది.

దీని కష్టం దీనికీ ఉంది. గమనిక పెట్టాలంటే ఫైలు రాయాలి, కమిట్ చేయాలి (మార్పును చరిత్రలో నమోదు చేయాలి), పుష్ చేయాలి (దాన్ని సర్వర్‌కు పంపాలి). అలసిపోయిన మనిషి రాత్రి పదకొండింటికి ఇవి చేయడు. ఫోను నుంచైతే అసలే చేయడు. మొదటి రెండు నెలల్లో మా రిపోలో తొమ్మిది గమనికలు చేరాయి, వాటిలో ఏడు నావే. అప్పుడు నియమం మార్చాం. గ్రూపులో జవాబు చెప్పినవారు గమనిక రాయనక్కర్లేదు, జవాబు అందుకున్నవారు రాయాలి. అవసరం తీరినవాడికి కృతజ్ఞత వేడిగా ఉంటుంది, అదీగాక ఏ మాటలతో వెతికాడో అతనికే తెలుసు. ఆ తర్వాత లెక్క మారింది.

గమనిక ఎలా ఉండాలో ఒకటి చూపిస్తాను. మిల్లు రసీదుల ప్రింటర్‌తో వచ్చిన తిప్పల మీద రాసింది ఇది:

> రసీదులో రైతు పేరు చివర పెట్టె గుర్తు వస్తోంది
> ఎక్కడ: రసీదు ప్రింట్, పేరు పొడవుగా ఉన్నప్పుడే.
> కారణం: పేరును 20 బైట్లకు కత్తిరిస్తున్నాం. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (హల్లు, గుణింతం, పొల్లు లాంటి ఒక్కో యూనికోడ్ గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. "రాములు" 18 బైట్లు, సరిపోతుంది. "వెంకటేశ్వర్లు" 39 బైట్లు, ఒక కోడ్ పాయింట్ మధ్యలో తెగుతుంది.
> మందు: బైట్లు లెక్కపెట్టి కోయకూడదు. పూర్తి అక్షరాల దగ్గరే కోయాలి, ఒత్తులూ గుణింతాలూ వాటి హల్లుతోనే ఉండాలి. కోడ్ కింద ఉంది.
> పనికిరాని దారి: అంకెను 40కి పెంచడం. అంతకన్నా పొడవైన పేరు వచ్చిన రోజు మళ్లీ ఇదే.

చివరి వరుసను చాలామంది రాయరు. నాకు అదే విలువైనదిగా కనబడుతుంది. సరైన దారి కోడ్‌లో ఎలాగూ ఉంటుంది, తప్పిన దారులు రాసినవాడి తలలో మాత్రమే ఉంటాయి.

## ఎవరికి ఏది

చదువుకుంటున్నవారికి: మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో చదువుతూ పైథాన్ నేర్చుకునేవారికి గిస్ట్ చాలు. గిట్ అలవాటవుతుంది, రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి నాలుగు ముక్కలు ఉంటాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తీసుకున్న కోడ్ అయితే ఆ జవాబు లింకు పక్కనే రాయండి. అక్కడి లైసెన్సు రాసినవారి పేరు చెప్పమని అడుగుతుంది.

ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్‌కు: కంప్యూటర్లోనే ఒక ఫోల్డరు, అందులో మార్క్‌డౌన్ ఫైళ్లు, వాటిని తెరవడానికి అబ్సిడియన్ లాంటిది ఒకటి. బ్యాకప్ ఒక్కటి మరవకండి.

నలుగురి నుంచి పది మంది జట్టుకు: రిపో. వాట్సాప్‌ను తీసేయకండి, తీసేస్తే చాటుగా ఇంకో గ్రూపు పుడుతుంది. గ్రూపులో ప్రశ్న, రిపోలో జవాబు, గ్రూపులో ఆ జవాబు లింకు.

ప్రోగ్రామర్లు కానివారు కూడా చదవాల్సినప్పుడు: డాక్స్, జట్టు ఖాతాలో.

ఇదంతా చదివి "చాట్‌బాట్‌ను అడిగితే చెబుతుంది కదా, ఈ గమనికలు ఎందుకు?" అన్నవారు మా జట్టులోనే ఉన్నారు. సీఎస్‌వీ సంగతి అది చెబుతుంది, ఒప్పుకుంటాను. ఆ మిల్లులో తేమ శాతం 17 దాటిన బస్తాలకు కోత ఏ క్రమంలో లెక్కగట్టాలని యజమాని పట్టుబట్టాడో, కాటా యంత్రం ఉదయం మొదటి తూకాన్ని రెండుసార్లు ఎందుకు పంపుతుందో దానికి తెలియదు. నేను ఇప్పుడు గమనికలు రాసేది ఎక్కువగా ఇలాంటివాటి మీదే.

పాత గ్రూపును మొత్తం తవ్వి రిపోలోకి ఎక్కించే పని మాత్రం పెట్టుకోకండి. మేము ఒక ఆదివారం నలుగురం కూర్చుని మొదలుపెట్టాం, సాయంత్రానికి మూడు నెలల వెనక్కి వెళ్లగలిగాం, నాలుగు ముక్కలు తేలాయి, రెండు అప్పటికే పాతబడ్డాయి. ఇప్పుడు ఎవరైనా ఒక ప్రశ్నను రెండోసారి అడిగిన రోజున ఆ ఒక్క ముక్కనే తెచ్చి ఎక్కిస్తున్నాం. యూటీఎఫ్-8-సిగ్ లైను అలా మొదటి గమనిక అయింది. దాని శీర్షిక: "సార్, రైతుల పేర్లన్నీ చెడిపోయాయి".